బస్సు షెల్టర్లో తూము

వినాయక చవితి వెళ్లిన వారంలో మా సెక్షను ఆఫీసుకి అరవై నలుగురు కొత్త సిబ్బంది వచ్చారు. అందరూ ఒకే రోజు, ఒకే ఆటోలో, ఒకే అట్టపెట్టెలో వచ్చారు. ఈ వైపు పైకి ఉంచవలెను అని పెట్టె మీద బాణం గుర్తు వేసి ఉంది. అంతకు ముందు మా ఆఫీసుకి బదిలీ మీద వచ్చినవాళ్లెవరికీ ఆ మర్యాద జరగలేదు.

నేను లస్కరుని. పేరు ఏసోబు. కాలువ గట్టు వెంట తిరిగి తూములు ఎత్తడం, దించడం నా పని. ఆఫీసులో మనిషి లేనప్పుడు ఉత్తరాలు మోయడం కూడా. ఇరవై ఆరేళ్లుగా ఆఫీసులో మనిషి లేడు.

మా మేజరు కాలువ పద్దెనిమిది కిలోమీటర్లు. తలుపులున్న తూములు నలభై. చిట్టచివర, కాలువ ఆగిపోయేచోట, ఒక సిమెంటు గొట్టం ఉంది. దానికి తలుపు లేదు. అక్కడిదాకా వచ్చే నీళ్లే తక్కువ, వాటిని ఆపడానికి మళ్లీ తలుపెందుకని కట్టిన రోజునే వదిలేశారు. ఆ గొట్టం కింద ఎనభై ఎకరాల వరి. అందులో రెండెకరాలు ఆదెమ్మ కౌలుకి చేస్తుంది. ఐదు మళ్లు.

మా కాలువ మీద వంతు కిందనుంచి పైకి నడుస్తుంది. ముందు నలభై తూములూ దించేస్తాం. నీళ్లు గొట్టందాకా పోయి చివరి పొలాలు తడిశాక నలభయ్యో తూము ఎత్తుతాం. అది తడిశాక ముప్పై తొమ్మిది. పై ఊళ్లవాళ్లు గొణుగుతారు. గొణుగుతూనే ఊరుకుంటారు, ఎందుకంటే నీళ్లు వాళ్ల కళ్ల ముందునుంచే పోతుంటాయి. కిందవాళ్లకి ఆ నీళ్లు కనపడవు. కనపడని నీళ్ల కోసం కూర్చోవడం కష్టమని ఎప్పుడో ఎవరో పెట్టిన పద్ధతి అది. ఎక్కడా రాసి లేదు. రాసి లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరూ దాన్ని సవరించలేదు.

పెట్టె తెరిచిన రోజు ఈఈ, అంటే మా డివిజను ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, రంగనాయకులు గారు స్వయంగా వచ్చారు. పక్క డివిజను వాళ్లు ముప్పై రెండు కోర్ల యంత్రం కొన్నారట. అందుకని మన డివిజనుకి అరవై నాలుగు. కోరు అంటే యంత్రం లోపల లెక్కలు చేసే బుర్ర. మామూలు కంప్యూటర్లో నాలుగో ఎనిమిదో ఉంటాయి. దీనిలో అరవై నాలుగు, అవీ మామూలు రకం కాదు. ఆ సంగతి కంపెనీ తరపున వచ్చిన నస్రీన్ చెప్పింది. ప్రోగ్రాము రాసేది ఆ అమ్మాయే.

మామూలు యంత్రంలో బుర్రలన్నిటికీ కలిపి ఒక బీరువా ఉంటుందట. ఒకరు రాసి పెట్టింది ఇంకొకరు తీసి చూసుకుంటారు. దీనిలో ఉమ్మడి బీరువా లేదు. ఎవరి గూడు వాళ్లదే, అదీ అరచెయ్యంత. పక్కవాడి గూట్లో ఏముందో కావాలంటే ఉత్తరం రాసి తెప్పించుకోవాలి. అందుకని దీనికి ప్రోగ్రాము రాయడం చాలా కష్టం సార్ అని ఆ అమ్మాయి ముందే చెప్పింది.

ఈఈ గారు ఆనందంగా తల ఊపారు. ఒకరి ఫైలు ఇంకొకరు చూడకపోవడం, ఏం కావాలన్నా ఉత్తరం రాయడం, ఇదంతా మన శాఖ కోసమే చేసినట్టుందన్నారు. తర్వాత రిబ్బను కత్తిరించి, ఇది కేవలం యంత్రం కాదని, బహుకేంద్రక జల పరిపాలనకు నాంది అని ఉపన్యసించారు. నలభై తూములకీ మోటార్లు బిగించారు. మా చేతి హ్యాండిళ్లు స్టోరుకి అప్పగించమన్నారు. అప్పగించాం.

నస్రీన్ మంచి పిల్ల. నాలుగు రోజులు నాతో గట్టంతా నడిచింది. ఏ తూము ఎంతసేపట్లో తడుస్తుందో, ఎక్కడ గట్టు కారుతుందో అడిగి రాసుకుంది. నన్ను బాబాయ్ అనేది. మేం చేసే పద్ధతినే యంత్రానికి నేర్పింది. కిందది తడిశాక పైది, పైది తడిశాక ఆ పైది. మొదటి వంతు తొమ్మిది రోజుల్లో చక్కగా నడిచింది. ఆదెమ్మ మళ్లలో నీళ్లు నిలిచాయి. యంత్రం మంచిదే అని నేను కూడా అనుకున్నాను.

పదో రోజు ఈఈ గారు తనిఖీకి వచ్చి తెర మీద చూశారు. అరవై నాలుగు గళ్లున్నాయి. ఒకటి పచ్చగా వెలుగుతోంది. అరవై మూడు తెల్లగా ఉన్నాయి.

ఇవేమిటన్నారు. పచ్చది పని చేస్తున్న కోరు, తెల్లవి ఎదురు చూస్తున్నవి అని నస్రీన్ చెప్పింది. వంతు లెక్క ఒకదాని మీద ఒకటి ఆధారపడింది, కిందది తేలితేగాని పైది మొదలు కాదు, కాబట్టి ఒక్క కోరుకే పని ఉంటుందని వివరించింది.

ఈఈ గారు చాలాసేపు తెల్లగళ్ల వైపు చూశారు. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసులో ఖాళీగా కూర్చున్నవాళ్లని చాలామందిని చూశారు గాని, ఒకే చోట అరవై ముగ్గురిని, అదీ తెర మీద వరసగా, ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు మెమో వచ్చింది.

"కోరు నంబరు 2 నుండి 64 వరకు గల కోర్లు, కార్యనిర్వాహక ఇంజనీరు వారు స్వయముగా తనిఖీ చేసిన సమయమున, ఎట్టి పనియు చేయక ఖాళీగా నున్నట్లు గమనించడమైనది. తమపై శాఖాపరమైన చర్య ఏల తీసుకొనరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

అరవై మూడు ప్రతులు. ఒక్కొక్క కోరుకీ విడివిడిగా అందజేసి సంతకం తీసుకోమని నాకు చెప్పారు. సంతకం పెట్టేవాళ్లెవరూ కనపడలేదు. నోటీసు పుచ్చుకోకపోతే నివాసం గోడకి అంటించాలని రూలు ఉంది. నివాసం అంటే ఆ నల్ల పెట్టె. మైదా ఉడికించి అరవై మూడూ అంటించాను. పెట్టె చిన్నది, కాయితాలు పెద్దవి. ఒకదాని మీద ఒకటి వచ్చి నాలుగు వైపులా మూసుకుపోయాయి. గంట తర్వాత లోపల ఫ్యాను రొద పెట్టి, పెట్టె వేడెక్కి, మైదా కాలిన వాసన వచ్చింది. నస్రీన్ పరుగున వచ్చి కాయితాలు చీల్చింది. ఆ వేడి గురించి ఈఈ గారికి తెలిసి, మెమో అందగానే సిబ్బందిలో చలనం వచ్చిందని పై ఆఫీసుకి రాశారు.

సంజాయిషీలు నస్రీనే రాయాల్సి వచ్చింది. రెండో కోరు తరపున, "ఒకటో కోరు లెక్క ముగించనందున నేను ఎదురు చూచుచున్నాను" అని రాసింది. మూడో కోరు తరపున, రెండో కోరు ముగించనందున అని. అట్లా అరవై నాలుగు దాకా. ఈఈ గారు అన్నీ చదివి, తోటి ఉద్యోగుల మీద నెపం వేయడం తప్ప ఇందులో సంజాయిషీ లేదని తోసిపుచ్చారు.

తర్వాత ఆమెని పిలిచి కూర్చోబెట్టి చెప్పారు. నేను టీ పట్టుకుని నిలబడి ఉన్నాను.

"ఒకరి తర్వాత ఒకరు అనేది పాత ఆలోచన అమ్మా. ఏకకాలం అనేది కొత్త ఆలోచన. మన శాఖ ఏకకాలం వైపు ఉంది."

"కాలువ ఒకటే కదా సార్" అంది నస్రీన్.

"కాలువ ఒకటే. కోర్లు అరవై నాలుగు. మెజారిటీ ఎటుందో చూడండి."

ఒక్కో కోరుకి ఒక్కో తూము అప్పగించాలని, అందరూ ఏకకాలంలో తమ తమ తూములు నడపాలని ఉత్తర్వు అయింది. నలభై తూములకి నలభై కోర్లు పోగా ఇరవై నాలుగు మళ్లీ ఖాళీ. వాటిని ఖాళీగా ఉంచడానికి ఈఈ గారి మనసొప్పలేదు. తూములు తక్కువైతే తూములు పెంచాలి గాని కోర్లని కూర్చోబెట్టకూడదన్నారు. ఆఫీసులో మ్యాపు పరిచి, స్కేలు పెట్టి, సమాన దూరంలో ఇరవై నాలుగు కొత్త తూములు గుర్తించారు. కట్టడం తర్వాత చూద్దాం, ముందు నంబర్లు ఇచ్చేద్దామన్నారు. నలభై ఒకటి పశువుల ఆసుపత్రి వరండాలో పడింది. నలభై ఆరు పోలేరమ్మ గుడి వెనక. యాభై మూడు మా ఊరి బస్సు షెల్టర్లో. అరవై నాలుగు స్కేలు పొడవు చాలక పక్క మండలంలో పడింది.

చివరి గొట్టానికి కూడా ఒక నంబరు ఇవ్వమని నేను అడిగాను. ఉద్యోగంలో నేను నోరు తెరిచి ఏదైనా అడిగింది అదే మొదలు. దానికి తలుపు ఉందా అన్నారు. లేదన్నాను. తలుపు లేని తూముకి కోరుని కేటాయించలేమన్నారు. బస్సు షెల్టర్లో కూడా తలుపు లేదండీ అన్నాను. అక్కడ తూమే లేదు కాబట్టి తలుపు లేదనే ప్రశ్న రాదన్నారు.

ఇక వంతు ఇట్లా నడిచింది. పొద్దున ఆరింటికి నలభై తలుపులూ ఒక్కసారి లేచేవి. ప్రతి కోరూ కాలువ మొదట్లో నీటిమట్టం స్కేలు చూసేది. నాలుగడుగులుంది అనుకునేది. ఆ నాలుగడుగులూ తనవే అనుకుని, దాని ప్రకారం తలుపు ఎత్తేది. పక్కవాడు కూడా అదే నాలుగడుగులు చూసి ఎత్తుతున్నాడని దానికి తెలియదు, ఎవరి గూడు వాళ్లది గదా. ఒకరికొకరు కబురు పెట్టుకునే ఏర్పాటు నస్రీన్ చేసింది. అయితే ఒక కోరు తోటి కోరుకి నేరుగా రాయడం క్రమశిక్షణ కాదని, ఏ కబురైనా ఒకటో కోరు ద్వారానే పోవాలని, ఒక ప్రతి ఈఈ గారికి రావాలని ఉత్తర్వు వచ్చింది. నలభయ్యో కోరు నాకు నీళ్లు రావడం లేదు అని పెట్టిన కబురు ఒకటో కోరు వరస ప్రకారం చూసి జవాబిచ్చేసరికి నీళ్లు పద్నాలుగో తూములోనే అయిపోయేవి.

పైన మొదటి పద్నాలుగు తూముల కింద మోకాలు లోతు నీళ్లు. వాళ్లు మందు వేస్తే మందు కొట్టుకుపోయింది. పదిహేను నుంచి కిందకి బురద. నలభై దాటాక నెర్రెలు.

సాయంత్రం ఆరింటికి తలుపులన్నీ దిగేవి. అరవై నాలుగు తూములూ మూసినట్టు కబురు అందితేనే మర్నాటి విడత మొదలవ్వాలని ప్రోగ్రాములో ఉంది. మోటార్లున్న నలభై తూములు వాటంతటవే కబురు పంపేవి. లేని ఇరవై నాలుగు తూములకి నన్ను ఇన్‌చార్జి వేశారు. నాకొక ఫోను ఇచ్చారు. అందులో ఇరవై నాలుగు బొత్తాలు. ప్రతి సాయంత్రం ఒక్కోటీ నొక్కి, మూశాను అని చెప్పాలి. చెప్పేవాణ్ణి. లేని తూము మూయడం తేలికే. తుప్పు పట్టదు, గడ్డి అడ్డం పడదు.

తెర మీద మాత్రం ఇంకా తెల్లగళ్లు మిగిలాయి. కబురు కోసం చూసే కోరు తెల్లగానే ఉంటుందట. ఈఈ గారు రోజూ అడిగేవారు. చివరికి నస్రీన్ విసిగిపోయి ఒక పని చేసింది. ఎదురు చూసే కోరు ఊరికే కూర్చోకుండా, అయిందా అయిందా అయిందా అని క్షణానికి లక్షసార్లు అడుగుతూ ఉండేటట్టు రాసింది. అంతే, అరవై నాలుగు గళ్లూ పచ్చబడ్డాయి. వాటిలో ఏం జరుగుతోందని ఈఈ గారు అడిగారు. అన్నీ ఒకదాన్నొకటి అడుగుతున్నాయి సార్ అంది. సమీక్షా సమావేశం అన్నమాట అన్నారు ఈఈ గారు. ఆ రోజు ఆఫీసులో అందరికీ బూందీ పంచారు.

అట్లా మూడు వారాలు గడిచాయి. ఆదెమ్మ వరి పొట్ట దశకి వచ్చింది. ఆమె పొద్దున్నే గొట్టం దగ్గరికి వచ్చి, గొట్టంలో చెయ్యి పెట్టి చూసేది. లోపల తొండ ఒకటి కాపురం పెట్టింది.

"ఏసోబా, పొట్ట మీదుంది. ఇంకో వారం ఆగుద్దేమో, ఆపైన తాలే. నీకు నేను చెప్పేదేంది."

నాకు తెలుసు. ఈ దశలో నీళ్లందకపోతే కంకి బయటికి వస్తుంది గాని గింజలో పాలుండవు. ఆ రెండెకరాలూ పోతే వచ్చే ఏడు ఆ చెక్క ఆమెకి ఎవరూ కౌలుకివ్వరు. పైగా ఆమె మగదిక్కు లేకుండా సేద్యం చేస్తోందని చెవులు కొరుక్కునేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లంతా ఆ తాలు కోసమే చూస్తున్నారు.

ఆఫీసుకి రా అక్కా, నువ్వే చెప్పు అన్నాను. వచ్చింది. నెర్రె విచ్చిన మట్టిపెళ్ల ఒకటి కొంగులో కట్టుకొచ్చి ఈఈ గారి బల్ల మీద పెట్టింది. ఆయన దాన్ని ఫైలుతో పక్కకి జరిపి, తెర చూపించారు. అరవై నాలుగు పచ్చగళ్లు. మీ కాలువ నూటికి నూరు శాతం పని చేస్తోందమ్మా అన్నారు. తమ భూమి ఏ తూము కింద ఉందో నంబరు చెబితే విచారించగలమన్నారు. నంబరు లేదయ్యా, గొట్టం అంది. నంబరు లేని భూమికి నీరు అందలేదనడానికి ఆధారం లేదన్నారు.

ఆదెమ్మ ఆ తెర వైపు చూసింది.

"పచ్చగానే ఉందయ్యా. మా మడికంటే అదే పచ్చగా ఉంది. దాన్నొకసారి తెచ్చి మా చేలో పెట్టండి, చెమ్మన్నా తగులుద్ది."

క్షేత్రస్థాయి ప్రదర్శన గురించి ప్రతిపాదన వచ్చినట్టు ఈఈ గారు రాసుకున్నారు.

ఆ వారంలోనే ఒక రోజు ఫోనులో ఛార్జింగు అయిపోయింది. బొత్తాలు నొక్కడం మర్నాడు పొద్దున తొమ్మిదింటికి గాని కుదరలేదు. నేను గట్టు మీద నడుస్తూ చూస్తే నలభై తలుపులూ దిగే ఉన్నాయి. ఆరింటికి లేవాల్సినవి లేవలేదు. పైనుంచి వచ్చిన నీళ్లకి ఎటూ దారి లేక తిన్నగా కిందకి పోతున్నాయి. ఇరవయ్యో తూము దగ్గర నీళ్ల ముందు నురగ, ఆ నురగ ముందు ఎండాకులు, వాటి ముందు ఒక కప్ప గెంతుకుంటూ పోతోంది. నేను బొత్తాలు నొక్కాను. తలుపులు లేచాయి. కప్ప ఆగిపోయింది.

ఆఫీసుకొచ్చి, నేను ఒక్కటి నొక్కకపోతే ఏమవుతుందమ్మా అని నస్రీన్ని అడిగాను. ఆమె తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

"అరవై నాలుగూ ఆగుతాయి బాబాయ్. ఆ ఒక్క కబురు కోసం."

"పచ్చగానే ఉంటయ్యా?"

"ఇంకా పచ్చగా ఉంటాయి. ఇదంతా కాయితం మీద రాసి ఈఈ గారికి ఇచ్చాను. పదకొండో పేజీ. ఆయన మొదటి పేజీ మీద సంతకం పెట్టి పంపారు" అంది.

 

ఆ సాయంత్రం బస్సు షెల్టరుకి పోయాను. ఉద్యోగంలో చేరినప్పటినుంచి చూడని తూముని మూశానని చెప్పడం నాకు అలవాటు లేదు. మూడు వారాలుగా చెప్పాను. ఇక చూసే చెబుదామనిపించింది. షెల్టర్లో సిమెంటు బల్ల మీద ముగ్గురు ముసలివాళ్లు, సంచులతో ఇద్దరాడవాళ్లు కూర్చుని ఉన్నారు. మ్యాపు ప్రకారం యాభై మూడో తూము సరిగ్గా ఆ బల్ల కింద. కాసేపు నిలబడి వచ్చేశాను. మిగతా ఇరవై మూడు బొత్తాలూ నొక్కాను. యాభై మూడు నొక్కలేదు.

మర్నాడు తలుపులు లేవలేదు. తెర మీద అరవై నాలుగు గళ్లూ ఎన్నడూ లేనంత పచ్చగా వెలిగాయి. ఒక్కటి కూడా మిణకలేదు. పెట్టెలో ఫ్యాను గోలగోలగా తిరిగింది. నలభై తూముల్లో ఒక్కటీ తెరుచుకోకపోయినా వ్యవస్థ చరిత్రలో ఇదే అత్యుత్తమ దినమని ఈఈ గారు పై ఆఫీసుకి సందేశం పంపారు. పై పద్నాలుగు తూముల రైతులు మళ్లలో నీళ్లు తీయడం మొదలైందని ఊపిరి పీల్చుకున్నారు. నీళ్లు ఆ రోజంతా కాలువలో నడిచాయి.

రెండో రోజు మధ్యాహ్నం, యాభై మూడో తూము నుంచి కబురు రాలేదని ఒకటో కోరు నుంచి ఈఈ గారికి ప్రతి వచ్చింది. నాకు మెమో ఇచ్చారు. దానికి నేను రాసిన జవాబు ఇది: "అయ్యా, యాభై మూడో తూము మీద ప్రయాణికులు కూర్చుని ఉన్నందున మూయుటకు వీలు కాలేదు. చిత్తగించగలరు."

నాకు వేరే ఉద్దేశం ఉందని వాళ్లెవరికీ అనిపించలేదు. ఫైలు చదివితే అంతా సక్రమంగా ఉంది. ప్రభుత్వ తూము మీద అనధికారికంగా కూర్చోవడం ఆక్రమణ కింద వస్తుందని తేల్చారు. ఆక్రమణదారులకి నోటీసు ఇవ్వాలి. పట్టుకుపోయి షెల్టరు స్తంభానికి అంటించాను. ముసలివాళ్లలో కళ్లద్దాలున్నాయన చదివి, మనల్నిక్కడ కూర్చోవద్దంటున్నార్రా, కింద నీళ్లున్నయ్యంట అని మిగతా ఇద్దరికీ చెప్పాడు. వాళ్లు కాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నారు.

షెల్టరు బస్సువాళ్లది కాబట్టి డిపోకి ఒక లేఖ పోయింది. మూడో రోజు డిపో జవాబు వచ్చింది. షెల్టర్లో తూము ఉన్నట్టు మా రికార్డుల్లో లేదు, అయినను దానిని మూసుకొనుటకు మాకు అభ్యంతరము లేదు, బస్సు వచ్చు వేళల్లో మాత్రం మూయరాదు అని.

మూడో రోజు సాయంత్రమే నీళ్లు గొట్టంలోకి దూకాయి. తొండ బయటికొచ్చి గట్టు మీద కూర్చుంది. ఎనభై ఎకరాలవాళ్లూ పారలు తీసుకుని వచ్చారు. చివర్న ఉన్నది ఆదెమ్మ చేనే. పైవాళ్లది తడిసి ఆమెది మొదలయ్యేసరికి నాలుగో రోజు పొద్దెక్కింది. రెండు మళ్లు నిండాయి. మూడోదానికి గండి కొట్టింది. ఇంకా రెండున్నాయి. రేపు పొద్దుగూకేదాకా నీళ్లు ఆగకపోతే అన్నీ తడుస్తాయి. ఆ లెక్క ఆమె నాకు చెప్పలేదు, నేను ఆమెకి చెప్పలేదు. ఇద్దరం గొట్టం వైపు చూశాం.

పదకొండింటికి ఈఈ గారి జీపు వచ్చింది. ఈ వ్యవహారాన్ని తానే స్వయంగా పరిష్కరిస్తానన్నారు. తూము మూయించి, మూసినట్టు ధ్రువీకరించి, అక్కడే బొత్తాం నొక్కిస్తారట. నన్ను జీపు వెనక కూర్చోబెట్టుకున్నారు. జీపు గట్టు దిగేటప్పుడు చూస్తే ఆదెమ్మ పార భుజాన వేసుకుని అడ్డదారిన నడిచి వస్తోంది.

షెల్టర్లో ముసలివాళ్లని లేపారు. వాళ్లు లేచి, పోకుండా పక్కన నిలబడ్డారు. ఈఈ గారు మ్యాపు విప్పి, అడుగులు కొలిచి, బల్ల కింద ఒక చోట బూటుతో చూపించారు.

"ఇదే యాభై మూడు. మూయి."

నేను కింద కూర్చున్నాను. హ్యాండిలు స్టోర్లో ఉంది, ఉన్నా పెట్టడానికి చోటు లేదు. రెండు చేతులూ పిడి పట్టుకున్నట్టు పట్టి తిప్పాను. తూము పూర్తిగా దిగడానికి పదకొండు చుట్లు పడుతుంది. పదకొండూ తిప్పాను, ఒక్కటి తగ్గించలేదు. చివరి రెండు చుట్లకి ఎప్పుడూ బరువొస్తుంది. కొంచెం ముక్కాను కూడా.

"పూర్తిగా మూసుకుందా?" అన్నారు ఈఈ గారు. జేబులోనుంచి ఫోను తీయమని సైగ చేశారు.

నేను జేబులో చెయ్యి పెట్టాను. అప్పటికి ఆదెమ్మ వచ్చి ముసలివాళ్ల పక్కన నిలబడి ఉంది. కాళ్లకి పిక్కలదాకా తడి బురద. ఆమె పార దించి, వంగి, బల్ల కిందకి తేరిపారా చూసింది.

"ఇంకా కారతంది గదయ్యా" అంది.

కళ్లద్దాల ముసలాయన కూడా వంగి చూశాడు.

"కారతంది. ఇందాకటినుంచీ నేనూ చూస్తన్నా. తలుపు సరిగా ఆనలేదు."

ఈఈ గారు నా వైపు చూశారు. ఆదెమ్మ వైపు చూశారు. తర్వాత ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని, మెల్లగా కూర్చుని, చూపుడు వేలు సిమెంటు మీద ఆనించారు. ఆ వేలు వెలుతురులో పెట్టి చూసుకున్నారు. జేబురుమాలు తీసి వేలు తుడుచుకున్నారు.

"అవును. చెమ్మ ఉంది" అన్నారు.

కారే తూముని మూసినట్టు ధ్రువీకరించడానికి రూలు ఒప్పుకోదు. మరమ్మతు ప్రతిపాదనలు సోమవారంలోగా పంపాలని, అంతవరకు కబురు పెట్టరాదని అక్కడికక్కడే బల్ల మీద కూర్చుని రాసి నా చేతికిచ్చారు. ఆ రోజు గురువారం.

జీపు వెళ్లిపోయింది. ఆదెమ్మ పార ఎత్తుకుని అడ్డదారి పట్టింది. నాలుగో మడికి గండి కొట్టాలి.